సున్నా టికెట్టు

పలక మూల విరిగింది.
విరిగినవి మా ఫ్యాక్టరీలో అమ్మరు,
పనివాళ్ళం ఇంటికి తెచ్చుకోవచ్చు.
మా ఇంట్లో పిల్లల పలకలు రెండు,
లెక్కల పలక ఒకటి. అది నాది.

మొదట దాని మీద ఊటీ అని రాశా.
మాబున్ని వాళ్ళ టీచరు వెళ్ళొచ్చిందంట.
నలుగురికి రైలు, గది, స్వెట్టర్లు.
స్వెట్టర్లా! మార్కాపురం ఎండలో పుట్టినోళ్ళకి?
తడిగుడ్డ పెట్టి తుడిచేశా.
తరవాత హైదరాబాదు.
చిన్నాడబిడ్డ ఇల్లుంది, గది ఖర్చు లేదు.
కానీ చుట్టాలింటికి చేతులూపుకుంటూ పోలేం గదా,
పిల్లలకి బట్టలు, స్వీటు డబ్బా, ఆమెకో చీర,
కూడి చూస్తే గదే చవక.
అదీ తుడిచా.
తుడిచిన కొద్దీ ఊరు దగ్గరికొచ్చింది.
చివరికి కొత్తపట్నం మిగిలింది.
సముద్రానికి గేటు లేదు, గేటు దగ్గర మనిషి లేడు.

పల్లెవెలుగు ఎక్కాం.
ఎక్స్‌ప్రెస్ కూడా ఆడోళ్ళకి ఉచితమే,
మీరావలికి కాదు గదా.
ఆధార్ కార్డులు చూపించాం, నాకూ మాబున్నికీ
కండక్టరు సున్నా టికెట్లు కొట్టిచ్చాడు.
ఆ కాయితాన్ని మీరావలి తిప్పి తిప్పి చూశాడు.
"పెళ్ళైన పదహారేళ్ళకి
ఈ ఇంట్లో ఖర్చు మనిషిని నేనయ్యా" అన్నాడు.
వెనక సీట్లో ముసలామె పకపకా నవ్వింది.

కాశింకి ముందే చెప్పి ఉంచా:
పన్నెండు నిండి రెండు నెల్లే, ఎవరు చూడొచ్చారు,
కాస్త వంగి కూచో, అడిగితే పదకొండను.
కండక్టరు అడగనే లేదు, అర టికెట్టే కొట్టబోయాడు.
వీడు చటుక్కున లేచి
పైన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.
"నాకు పన్నెండు దాటాయి సార్!"
నిజాయితీ అనుకునేరు.
కమ్మీ అందిందని చూపించుకోవడం అది.
అరవై రూపాయలు. పలకలో లేని అరవై.
పొదిలి దాకా వాడితో మాట్లాళ్ళా.

సముద్రం కనపడక ముందే పిల్లలకి కడుపు నిండా పెట్టాలి.
ఇది నా తెలివి.
రొట్టెలు, పల్లీల కారం, చింతపండన్నం,
కూల్‌డ్రింకు సీసాల్లో ఇంటి నీళ్ళు.
మొక్కజొన్న కంకి కాలే వాసనొచ్చాక
నిండిన కడుపు కూడా మాట వినదనేది
ఆ తెలివిలో లేదు.
రెండు కంకులు, నాలుగు ముక్కలు.

మాబున్ని వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.
"అమ్మా, ఇయ్యి మన బోరు నీళ్ళే!"
పక్కన ఒంగోలోళ్ళు నవ్వారు.
వాళ్ళకేం తెలుసు.

మీరావలి మోకాళ్ళ లోతుకి పోయి నిలబడ్డాడు.
ప్యాంటు మడత ఒకటి జారిపోయినా పట్టించుకోలా.
ఇరవై ఏళ్ళు రంపం ముందు కూచుని
పలకరాయి పొడి మింగిన ఛాతీ అది.
రాత్రుళ్ళు ఆయన దగ్గు నేను లెక్కపెడతా,
కావాలని కాదు, నిద్ర రాక.
పన్నెండున్నర నించి నాలుగుంబావు దాకా
దగ్గలా.
ఒకసారి గొంతు సవరించాడు,
అది మాబున్నిని వెనక్కి పిలవడానికి.

నాలుగున్నర బస్సు పోతే మళ్ళీ ఆరింటికి.
ఆరింటిదెక్కితే ఒంగోల్లో మా ఊరి ఆఖరి బండి అందదు.
అందకపోతే నలుగురికి రాత్రి టిఫిను,
తెల్లారి టీ, ఒక పూట కూలి.
అన్నీ తెలుసు.
హారన్ కొట్టింది, విన్నా.
ఇసకలో కాళ్ళు చాపుకుని కూచున్నా.

"బస్సు పోయింది, చూసుకోలేదా?" అన్నాడు వచ్చి.
లెక్క తప్పా అన్నా.
నేను లెక్క తప్పానంటే ఆయన నమ్మడు.
అడగలేదు కూడా.

ఒంగోలు బస్టాండులో సిమెంటు బెంచీలు ఉచితం,
దోమలూ ఉచితమే.
ఇడ్లీలకి నూట నలభై.
తెల్లారగట్ల బండిలో, చీమకుర్తి రాళ్ళ లారీల వెనక,
దగ్గు మళ్ళీ మొదలైంది.

ఆదివారం కాశిం చొక్కా నానబెడుతుంటే
జేబులో ఫుల్ టికెట్టు.
నీళ్ళు తగలక ముందే తీసి
నా పలక చట్రంలో, విరిగిన మూల దగ్గర, దోపా.